అరమెట్టు కింది నాడి

నాగరత్నం ఆ చెయ్యిని ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, చేతిసంచిలో అడుగున పెట్టుకుని విజయనగరంలో బస్సెక్కింది. మధురవాడలో దిగి, కొండవాలు మీదున్న ప్రయోగశాలకి ఎండలో నడిచి వచ్చేసరికి ఉదయం పది కావస్తోంది. ఆమెని చూసి మేనకోడలు వకుళ కుర్చీలోంచి లేచింది. ముందుగా ఆమె చూపు అత్త కుడి మణికట్టు మీద పడింది. అక్కడ ఉండాల్సిన చెయ్యి లేదు.

నాగరత్నం సంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో. నీ చెయ్యి నువ్వు తీసుకో."

"ఏమైంది అత్తా? పట్టు జారుతోందా? ఛార్జింగ్ నిలబడట్లేదా?"

"పట్టు బాగుంది. ఛార్జింగ్ బాగుంది. ఇది అబద్ధం చెప్తోందే వకుళా."

వకుళ ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నాగరత్నం ఎడంచేత్తో గ్లాసు పట్టుకుని, తాగకుండా, జరిగింది చెప్పుకొచ్చింది.

ఆమె ఇరవయ్యారేళ్ళుగా పురిటి వార్డులో నర్సు. ముందురోజు పొద్దున్న పైడితల్లి అనే అమ్మాయికి కాన్పయింది. తొలిచూలు. బిడ్డ ఏడవలేదు. ఒళ్ళు నీలంగా, మెత్తగా వేలాడిపోతోంది. అలాంటప్పుడు మొదట చేసేది బొడ్డుతాడు మొదట్లో రెండు వేళ్ళతో పట్టుకుని నాడి చూడడం. ఆ పని ఆమె కొన్ని వేలసార్లు చేసింది. ఆలోచించకుండానే కుడిచెయ్యి వెళ్ళిపోయింది.

"పట్టుకున్నాను. ఏమీ లేదు. మళ్ళీ పట్టుకున్నాను. గోడని పట్టుకున్నట్టుంది. 'లేదు డాక్టరమ్మా, నాడి లేదు' అన్నాను. పైకే అన్నాను. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, మొన్నే చేరింది. నా మాట పట్టుకుని వదిలేసి ఉంటే ఏమయ్యేది? ఏమనుకుందో, స్టెతస్కోపు పెట్టింది. 'ఉంది సిస్టర్! కొట్టుకుంటోంది, బ్యాగ్ ఇవ్వండి' అంది. బ్యాగ్‌తో గాలి కొట్టాం. నిమిషంలో పిల్ల ఏడ్చింది."

"అమ్మయ్య," అంది వకుళ.

"అమ్మయ్యేటే? బతికున్న పిల్లని చేత్తో పట్టుకుని లేదన్నాను నేను."

అప్పుడు తాగింది ఆ నీళ్ళు.

రెండేళ్ళ కిందట, డ్యూటీకి వెళ్తూ బస్సు కిటికీ మీద చెయ్యి ఆనించుకుని కూర్చున్న నాగరత్నాన్ని ఎదురుగా వచ్చిన లారీ ఒరుసుకుపోయింది. మణికట్టు దగ్గర చెయ్యి తీసేయక తప్పలేదు. వకుళ అప్పటికే ఈ ప్రయోగశాలలో కృత్రిమ హస్తాలకి ప్రోగ్రాములు రాస్తోంది. చిన్నప్పుడు వకుళని తన నర్సు క్వార్టర్సులో ఉంచుకుని చదివించింది ఆ మేనత్తే. ఆసుపత్రి మంచం మీద కట్టుతో ఉన్న అత్త పక్కన కూర్చుని, "నీకు పట్టుకునే చెయ్యి కాదు, తెలుసుకునే చెయ్యి ఇస్తాను" అని మాటిచ్చింది.

ఇచ్చింది కూడా. కృత్రిమ చర్మంలో వేళ్ళ కొసన ఒత్తిడిని కొలిచే బిందువులున్నాయి. అవి కొలిచినదాన్ని మోచేతి పైన నరానికి అతికించిన చిన్న చిప్‌కి చేరవేస్తే, చిప్ ఆ నరాన్ని సున్నితంగా తట్టి మెదడుకి తెలియజేస్తుంది. మొదటిరోజు నాగరత్నం ఆ చేత్తో వకుళ బుగ్గ తడిమి, "చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలీదుగానీ, బుగ్గే" అని ఏడ్చేసింది. ఇప్పుడు మరో పదిమందికి అలాంటి చేతులున్నాయి. వాళ్ళలో ఒక ఎలక్ట్రీషియనున్నాడు, ఒక వంటమనిషుంది. వచ్చే నెలలో నలభైమందికి ఆపరేషన్లు ఖాయమయ్యాయి.

వకుళ మూట విప్పి చెయ్యి బయటికి తీసింది. తీగ ఒకటి దానికి తగిలించి, లోపల దాచిన లెక్కలన్నీ తెరమీదికి తెచ్చింది. ముందురోజు ఉదయం తొమ్మిదీ పన్నెండుకి చూపుడువేలి వరసలో సున్నా, సున్నా, సున్నా. బొటనవేలు తాడుని మోస్తున్నట్టు చెబుతోంది. నాడి కోసం తేలిగ్గా ఆనించిన చూపుడువేలు మాత్రం ఏమీ తగల్లేదంటోంది.

కారణం ఆమెకి వెంటనే తట్టింది. అయినా కళ్ళారా చూడాలనిపించింది.

"అత్తా, ఒకసారి తొడుక్కో. మొహం అటు తిప్పుకో."

అర నుంచి ఇత్తడి తూకపు బిళ్ళల పెట్టె తీసింది. ఒక్కో బిళ్ళ ఒక గ్రాము. వెల్లకిలా పెట్టిన చూపుడువేలి మీద ఒక బిళ్ళ మెల్లగా పెట్టింది.

"తెలుస్తోందా?"

"పెట్టావేటి?"

రెండోది పెట్టింది. మూడోది. నాలుగోది. నాగరత్నం గోడకేసి చూస్తూ ఊరుకుంది. ఐదో బిళ్ళ పెట్టగానే ఉలిక్కిపడింది.

"ఆఁ, ఇప్పుడు పెట్టావు. బరువైందే పెట్టావు."

"ఒక్కటి కాదత్తా. ఐదున్నాయి."

నాగరత్నం ఇటు తిరిగి తన వేలిమీది బిళ్ళలు లెక్కపెట్టుకుంది. ఆమె మొహం చూడలేక వకుళ తెరవైపు తిరిగింది.

చేతి ప్రోగ్రాములో ఒత్తిడిని లెక్కగట్టే ఆ మూడు వరసలు రాసింది వకుళే. వచ్చిన ఒత్తిడి సున్నాకంటే తగ్గితే సున్నా అనుకో, ఆరువందల నలభై గ్రాములు దాటితే ఆరువందల నలభై అనుకో. దాన్ని పదితో భాగించు. దగ్గర్లో ఉన్న పూర్ణసంఖ్యకి సవరించు. మళ్ళీ పదితో గుణించు. అంతే. అడుగునుంచి పైదాకా సమాన దూరంలో అరవై నాలుగు మెట్లు, మెట్టుకి పది గ్రాములు. మెట్టుకీ మెట్టుకీ మధ్యలో ఏ విలువ పడినా దగ్గరి మెట్టుకి జరగాల్సిందే. నాలుగు గ్రాములు వస్తే కిందికి జారి సున్నా అవుతుంది. ఐదు వస్తే పైకెక్కి పది అవుతుంది. గ్లాసు పట్టుకోవడానికి, సూది గుచ్చడానికి, పక్కదుప్పటి మార్చడానికి అది చాలు. మంచి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ బొడ్డుతాడు ఐదు గ్రాములకంటే గట్టిగానే కొడుతుంది. అందుకే ఈ చేత్తో మళ్ళీ డ్యూటీలో చేరిన మూడు నెలల్లో వార్డులో ఏ తేడా రాలేదు. నీరసించిన బిడ్డ నాడి మూడో నాలుగో గ్రాములుంటుంది. ఏ బిడ్డని కనిపెట్టడం అత్యవసరమో ఆ బిడ్డనే ఆ మూడు వరసలు సున్నా చేసేశాయి.

"చెయ్యి అబద్ధం చెప్పలేదత్తా," అంది వకుళ. "నేను చెప్పించాను."

ప్రయోగశాల అధిపతి చయనులు గారు అరవై దాటిన మనిషి. గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు. వకుళ చెప్పింది మొత్తం విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నలభైమంది రోగులు తేదీలు రాసుకుని కూర్చున్నారమ్మా. వాళ్ళలో నాడి చూసేవాళ్ళెవరూ లేరు. 'వైద్య పరీక్షలకి పనికిరాదు' అని కాగితంలో రాసిద్దాం."

"చేత్తో ఏదైనా తాకేముందు కాగితం ఎవరు చదువుతారండీ? పసిపిల్ల గుండెల మీద చెయ్యేసి పడుకోబెట్టే తల్లి ఉంటుంది. తన ఒంట్లో గడ్డ తగిలితే చూసుకునే మనిషి ఉంటుంది. చెయ్యి ఉన్నప్పుడు నమ్ముతారండీ. అత్తే నమ్మింది, దాని లెక్క మొత్తం నా నోట విని కూడా."

ఆయన ఫోన్ తీసి, ఆ పదిమందికీ కబురు చెయ్యమన్నారు. చాలా తేలికైన వాటిని ఈ చెయ్యి గుర్తించదని, నమ్మొద్దని. ఆపరేషన్ల తేదీలు మూడు వారాలు వెనక్కి జరిపించారు.

"మూడే వారాలు," అన్నారు వకుళతో. "ఆ పైన ఆపడం నా వల్ల కాదు."

నాగరత్నం సెలవు పెట్టి మేనకోడలి దగ్గరే ఉండిపోయింది. పగలు ప్రయోగశాలకి వచ్చి చెప్పిన కుర్చీలో కూర్చునేది. వార్డు మాట ఎత్తేది కాదు.

మొదట వకుళ మెట్లు చిన్నవి చేసింది. పది గ్రాముల మెట్టుని ఒక్క గ్రాముకి తగ్గిస్తే అరవై నాలుగు మెట్లు ఆరువందల నలభై అవుతాయి. చూడ్డానికి సులువే. కానీ అన్ని మెట్లని వేరువేరుగా నరానికి తెలియజెయ్యాలంటే చిప్ పదింతలు వేగంగా తట్టాలి. నరం బదులు జిగురు ముద్ద పోసిన గాజు గొట్టంలో చిప్ పెట్టి నడిపిస్తే, పావుగంటలో ముద్ద వేడెక్కి అంచుల్లో తెల్లబడింది. మనిషి నరమైతే మాడిపోయేది. చయనులు గారు ఆ గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూసి తిరిగిచ్చారు.

తరవాత మెట్ల సంఖ్య అలాగే ఉంచి పరిధిని కుదించింది. ఆరువందల నలభైకి బదులు అరవై నాలుగు గ్రాములదాకానే కొలువు. ఇప్పుడు మెట్టుకి ఒక్క గ్రామే. నాగరత్నం ఆ చేత్తో తన ఎడమ మణికట్టు నాడి పట్టుకుని అంకెలు చెబుతుంటే వకుళకి రెక్కలొచ్చినట్టయింది. ఆ సాయంత్రం ఆ చెయ్యితోనే ఇద్దరూ ఇంటికి వెళ్ళారు.

వంటింట్లో నాగరత్నం టమాటా పట్టుకుంటే చితికి రసం మోచేతిదాకా కారింది. ఆమె నవ్వి గుడ్డతో తుడిచింది. నేలమీద పడ్డ రసం ఎవరూ చూసుకోలేదు. వకుళ స్టవ్ దగ్గరికి వస్తూ దానిమీద కాలేసి జారింది. నాగరత్నం చప్పున కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"వదులత్తా!"

"వదిలితే పడతావే."

"అత్తా, విరిగిపోతోంది, వదులు!"

నాగరత్నం బెదిరిపోయి వదిలేసింది. వకుళ మణికట్టు మీద ఐదు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడి, చూస్తుండగానే కమిలిపోయాయి. అరవై నాలుగు గ్రాములు దాటాక ఆ చేతికి అంతా ఒక్కటే. మెల్లగా పట్టుకున్నా, ఎముక నలిగేలా పిసికినా నరానికి చేరే కబురు పైమెట్టు ఒక్కటే.

నాగరత్నం అక్కడికక్కడే చెయ్యి ఊడదీసి సింకు గట్టుమీద పెట్టింది. ఎడంచేత్తో మంచుముక్కలు తీసి, గుడ్డలో చుట్టి మేనకోడలి మణికట్టుకి అద్దుతూ కూర్చుంది.

"ఇంక వద్దే," అంది. "ఎడంచెయ్యి ఉంది కదా. అది చాలు నాకు."

రెండు వారాలు అయిపోయాయి. దగ్గర దగ్గరగా మెట్లు పెడితే వేడి, పరిధి తగ్గిస్తే ఈ పిసుకుడు. మూడో దారేదీ కనిపించలేదు.

మర్నాడు పొద్దున్న ఉప్మా తింటూ నాగరత్నం ఆ కమిలిన మణికట్టుకేసి చూసి నిట్టూర్చింది.

"మొదట ఇచ్చావు చూడు ఒక చెయ్యి, అదే నయం."

"ఏది? ఆ జుయ్యిమని మోగేదా? నాలుగు రోజులు పెట్టుకుని, చీమలు పాకుతున్నట్టుందని నా దుంప తెంచావు కదత్తా."

"పాకేవే. ఏది పట్టుకున్నా లోపల సిరసిర. చిరాకేసేది. కానీ దాంతో ఈగ వాలినా కనిపెట్టేదాన్ని."

వకుళ చెంచా పళ్ళెంలో ఆగిపోయింది. "ఈగ వాలితే తెలీదత్తా. దానికీ అరవై నాలుగు మెట్లే. అవే లెక్కలు."

"నీ లెక్క నాకు తెలీదు. మల్లెమొగ్గలు వేళ్ళమీద పోసుకుని ఒక్కోటీ తెలుసుకున్నాను. నీకు చెప్తే నువ్వు ఆ జుయ్యిమనడం ఆపడంలో ఉన్నావు. ఆపేశావు. ఆ తరవాత అంతా హాయిగా ఉంది, ఏమీ తెలీకుండా."

వకుళ తింటున్నది వదిలేసి లేచింది.

పాత చెయ్యి గిడ్డంగిలో, అట్టపెట్టెలో ఉంది. దాని లోపలి మోటారు సరిగ్గా బిగించక వణుకుతూ ఉండేది. ఆ వణుకు వేళ్ళ కొసలకి చేరి ఒత్తిడి కొలతల్ని అటూ ఇటూ కదిపేది. అత్త బాధపడుతోందని వకుళ మోటారు బిగించింది, అది చాలక వణుకుని వడపోసే వరస ఒకటి ప్రోగ్రాములో కలిపింది. ఆ వరస రాసినరోజు అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె పరిధిని మళ్ళీ ఆరువందల నలభైకి మార్చి, ఆ వరస తీసేసింది. దాని చోట మరొకటి రాసింది. వచ్చిన ప్రతి కొలతకీ, మెట్టుకి సవరించే ముందు, ఒక చిల్లర సంఖ్య కలుపు. అది కిందికి ఐదు నుంచి పైకి ఐదు దాకా ఏదైనా కావచ్చు. ఏది వస్తుందో ఎవరికీ తెలియకూడదు. ప్రతిసారీ కొత్తది. చిప్‌కి బదులు ఒక చిన్న ఎర్రదీపం తగిలించి, నరాన్ని తట్టాల్సినప్పుడల్లా అది వెలిగేట్టు చేసింది. వేలిమీద మూడు బిళ్ళలు పెట్టింది.

దీపం వెలిగింది. ఆరింది. కాసేపు ఊరుకుంది. మళ్ళీ రెండుసార్లు వెలిగింది.

చయనులు గారు వచ్చి వెనక నిలబడ్డారు. "ఏమిటమ్మా, చెడిపోయిందా?"

"లెక్కపెట్టండి సార్. వందసార్లు కొలుస్తుంది. ఎన్నిసార్లు వెలుగుతుందో చూడండి."

ఇద్దరూ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. వందలో ముప్పైఒకటి. ఒక బిళ్ళ తీసేసి మళ్ళీ లెక్కపెట్టారు. పంతొమ్మిది. ఒక్క బిళ్ళే ఉంచితే పదకొండు. ఏమీ పెట్టకపోతే ఒక్కసారీ వెలగలేదు.

చయనులు గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మూడు గ్రాములు ఒంటరిగా ఐదు గీత దాటలేవు. ఈ చిల్లర కలిసినప్పుడు పదిసార్లలో మూడుసార్లు దాటుతున్నాయి. దాటినప్పుడల్లా పది అంటుంది. సగటు తీస్తే..."

"మూడే. మెట్లు అవే సార్, అరవై నాలుగే. పరిధి అదే. చిప్ తట్టే వేగం కూడా అదే."

"వేడి?"

"పొద్దుటి నుంచీ ఇంకో చిప్ ఇదే లెక్కతో గొట్టంలో నడుస్తోంది. పెరగలేదు."

"ఆ సగటు తీసేదెవరు మరి?"

వకుళ అత్తవైపు చూసింది. నాగరత్నం అప్పటికే జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటోంది.

ఆరోజు మధ్యాహ్నమంతా ఆమె గోడకేసి కూర్చుంది. మొదటి గంట చిరాకుపడింది. వేలిమీద ఏదో వాలి ఎగిరిపోతున్నట్టు ఉందని, ఏమీ అర్థం కావట్లేదని అంది. వకుళ బిళ్ళలు పెడుతూ, తీస్తూ పోయింది. మూడింటి తరవాత నాగరత్నం చిరాకుపడడం మానేసింది. కళ్ళు మూసుకుంది. నాలుగింటికి మెల్లగా అంది.

"రెండు."

రెండే ఉన్నాయి.

"నాలుగు. ఇప్పుడు... ఒకటి. తీసేశావు. మళ్ళీ పెట్టావు, రెండు. కాదు, మూడు."

వకుళ నోరు గట్టిగా మూసుకుని, నుదురు అత్త భుజానికి ఆనించింది. చయనులు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ బయటికి వెళ్ళి, చెయ్యి సరిచేస్తామని ఆ పదిమందికీ చెప్పాల్సిన ఫోన్లు తనే చేశారు.

"కానీ అత్తా, ఏదైనా పట్టుకుంటే సిరసిరమంటుంది. ఎప్పటికీ. నేను దాన్ని పూర్తిగా తీసేస్తే మళ్ళీ పాతదే అవుతుంది."

"ఉండనీవే. ఇన్నేళ్ళ డ్యూటీలో కాళ్ళనొప్పులు ఉండలేదేటి? అలాగే ఇదీను."

అంతా అయిపోయిందనుకుంది వకుళ. మర్నాడు చెయ్యి ఛార్జింగ్ పెట్టి, పెట్టెలో సర్ది ఇస్తే నాగరత్నం తీసుకుంది కానీ తొడుక్కోలేదు.

"వార్డుకి వెళ్ళేముందు పైడితల్లి దగ్గరికి వెళ్ళాలి."

"ఎందుకు? పిల్ల బాగుంది కదా. ఆరోజే ఏడ్చింది. ఇంటికి కూడా పంపించేశారు."

"బాగుందే. నేను లేదన్నానని ఆవిడకి చెప్పాలి కదా."

"చెప్పి ఆమెని ఇప్పుడు బెదరగొట్టడం దేనికత్తా?"

నాగరత్నం సంచి భుజాన వేసుకుంది. "నువ్వు వస్తావా, నేనొక్కదాన్నీ వెళ్ళనా?"

పూసపాటిరేగ దాటాక సముద్రం వైపు వెళ్ళే బస్సు వాళ్ళిద్దరినీ ఇసకదారి మొదట్లో దింపింది. వలలు ఆరేసిన కర్రల మధ్య నుంచి, ఎండుచేపల వాసనలో నడుస్తూ వకుళ మనసులో మాటలు కూడబెట్టుకుంది. తప్పు తనదని, అత్తది కాదని చెప్పాలి. అరిస్తే పడాలి.

పైడితల్లి అరుగు మీద బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కళ్ళకింద నల్లగా గుంటలు పడ్డాయి. నర్సమ్మని చూసి లేవబోయింది. నాగరత్నం వారించి ఆమె పక్కనే కూలబడింది. వకుళ మెట్టుమీద కూర్చుంది. పైడితల్లి మాట్లాడుతూనే నిమిషానికొకసారి వంగి, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటోంది.

"పాలు బాగా తాగుతోందా?"

"తాగతంది." మళ్ళీ వేలు ముక్కు దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, నీకొక మాట చెప్పాలని వచ్చాను," అంది నాగరత్నం. ఆమె గొంతు వార్డులోలా లేదు. "పురుడు వచ్చిన రోజు నీ బిడ్డని పట్టుకుని నేను—"

"లేదన్నారు," అంది పైడితల్లి.

నాగరత్నం తలెత్తి ఆమెకేసి చూసింది.

"నాను ఇన్నానమ్మా. బల్లమీద తెలివిగానే ఉన్నాను. నాడి లేదన్నారు. ఆ మీదట ఏడిసింది." ఆమె బిడ్డని కాస్త దగ్గరికి లాక్కుంది. "ఒకసారి పోయి మల్లీ వొచ్చిన పిల్లేమోనని... మల్లీ ఎల్లిపోద్దేమోనని. ఎవలితోనీ అన్లేదు నాను. మా అమ్మతో కూడా అన్లేదు. ఊపిరి ఆడతందా లేదా అని సూత్తా కూసుంటన్నాను. కన్ను మూత్తే బయమేత్తంది."

రెండున్నర వారాలు. వకుళ రాసిన ఆ మూడు వరసలు ఇంతదూరం వచ్చి ఈ అరుగు మీద కూర్చున్నాయి.

నాగరత్నం ఆమె మోకాలి మీద ఎడంచెయ్యి వేసింది. "పైడితల్లీ, ఇటు చూడు. నీ పిల్ల ఎక్కడికీ పోలేదు. ఒక్క క్షణం కూడా పోలేదు. గుండె కొట్టుకుంటూనే ఉంది, మెల్లగా. నాకే తెలీలేదు. నా కుడిచెయ్యి నిజం చెయ్యి కాదు."

ఆమె కొంగు కింద దాచుకున్న కుడిచేతిని బయటికి తీసి, మొండి మణికట్టు చూపించింది. పైడితల్లి నోరు తెరుచుకుని చూసింది.

"మిషను చెయ్యేటమ్మా?"

"మిషను చెయ్యే. అది చేసింది నేను," అంది వకుళ, మెట్టుమీంచి. "అందులో తప్పు పెట్టింది కూడా నేనే. చిన్న తాకిడిని అది లేదనేసేది. మీ పాప నాడి చిన్నగా ఉంది. అంతే. మా అత్తకి చెయ్యి ఏమీ చెప్పలేదు, అందుకని ఆమె లేదంది."

"అయితే పిల్లకేటీ అవలేదా?"

"అవలేదు."

"పోయి రాలేదా?"

"ఎక్కడికీ పోలేదు తల్లీ," అంది నాగరత్నం. "ఊపిరి తీసుకోడానికి కాస్త ఆలస్యం చేసింది. అలాంటి పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఇప్పుడు బళ్ళకి వెళ్తున్నారు."

పైడితల్లి ఏడుస్తుందనుకుంది వకుళ. తిడుతుందనుకుంది. ఆమె ఏదీ చెయ్యలేదు. బిడ్డ మొహంలోకి ఒకసారి చూసింది. తలెత్తి అడిగింది.

"ఇప్పుడా తప్పు తీసేసినారా?"

"తీసేశాం."

"తొడుక్కోండి సూద్దాం."

నాగరత్నం పెట్టెలోంచి చెయ్యి తీసి తొడుక్కుంది. వేళ్ళు ఒకసారి ముడిచి విప్పింది. పైడితల్లి బిడ్డని రెండు చేతులా ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టింది. నాగరత్నం బిడ్డ జబ్బ లోపలివైపు, మోచేతికి కాస్త పైన, రెండు వేళ్ళు ఆనించింది. నొక్కలేదు. కళ్ళు మూసుకుంది. వకుళ వాచీ చూడడం మొదలుపెట్టింది. వలకర్రల మీద ఒక కాకి అరిచి ఎగిరిపోయింది.

నాగరత్నం పెదాలు కదులుతున్నాయి. నిమిషం తిరిగేసరికి కళ్ళు తెరిచింది.

"నూటముప్పైనాలుగు. గుర్రంలా పరుగెడుతోంది." ఆమె నవ్వింది, ఇన్ని రోజుల తరవాత. "వకుళా, అబ్బ, ఎంత బాగా తెలుస్తోందే!"

వకుళ సంచిలో పెట్టుకొచ్చిన స్టెతస్కోపు తీయబోయి, మానుకుంది. పైడితల్లే అడిగింది, అది పెట్టి కూడా చూడమని. వకుళ పెట్టి లెక్కపెట్టింది. నూటముప్పైఆరు. పైడితల్లి చెవులకి కూడా తగిలించింది. ఆ అమ్మాయి చాలాసేపు విని, గొట్టాలు తీసి ఇచ్చేసి, అరుగు స్తంభానికి ఆనుకుంది.

"కాసేపు సూత్తారేటమ్మా పిల్లని?"

"చూస్తానమ్మా. పడుకో."

చాప పరుచుకున్నట్టు కూడా వాళ్ళు గమనించలేదు. చూసేసరికి నిద్రపోతోంది. ఒక పక్కకి ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. నాగరత్నం చెంగుతో ఆమె మొహమ్మీది ఈగల్ని తోలింది. బిడ్డ నర్సమ్మ వేలు పట్టుకుని, పట్టు వదల్లేదు. గట్టిగా పట్టుకుందో మెల్లగా పట్టుకుందో నాగరత్నానికి తెలుస్తూనే ఉంది. వకుళకి ఆ సంగతి ఆమె మొహంలోనే కనిపించింది.

రెండింటి బస్సు దారి మొదట్లో హారన్ కొట్టింది.

"వెళ్దామా?" అంది వకుళ గుసగుసగా.

"ఉండవే. లేస్తుంది."

నాలుగింటి బస్సు కూడా వెళ్ళిపోయింది. ఎండ అరుగు దిగి ఇసకలోకి వెళ్ళాక, ఐదు దాటినప్పుడు పైడితల్లి కదిలింది. లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుని, ఇద్దరినీ చూసి సిగ్గుపడింది. వకుళ ఊపిరి బిగబట్టి ఆమె చేతులకేసి చూసింది. ఆ వేలు బిడ్డ ముక్కు దగ్గరికి వెళ్ళలేదు.

"ఆకలేసి ఏడిసుంటాది," అంది పైడితల్లి ఆవలిస్తూ. "ఇలా తెండి."